ఎనిమిదిమందే ఎక్కాలి

అమీర్‌పేటలో ఉన్న రుద్రమ్మ ప్లాజా గోడలు ఏ రంగులో ఉంటాయో ఎవరూ చెప్పలేరు. కంప్యూటర్ కోర్సుల బ్యానర్లు కింది నుంచి పై దాకా ఒకదాని మీద ఒకటి కట్టి ఉంటాయి. ఐదంతస్తులు, పద్నాలుగు కోచింగ్ సెంటర్లు, ఒక్కటే లిఫ్టు. ఆ లిఫ్టులో ముప్పై ఒక్క ఏళ్ళుగా స్టూలు మీద కూర్చొని జనాన్ని పైకీ కిందికీ చేరవేస్తున్న మనిషి మా పెద్దనాయన ఓదెలు.

ఆయన మా నాన్నకు అన్న. నేను ఎం.ఏ. తెలుగులో చేరినప్పటి నుంచి ధరంకరం రోడ్డులో వాళ్ళింట్లోనే ఉంటున్నాను. సెలవు రోజుల్లో ఆయనకు అన్నం డబ్బా ఇచ్చి రావడం నా పని. ఇచ్చి వెంటనే తిరిగి వచ్చేదాన్ని కాదు. లిఫ్టులో ఒక మూల నిలబడి నాలుగైదుసార్లు పైకీ కిందికీ తిరిగేదాన్ని. నేను ఎక్కడ నిలబడినా జనం నన్ను గమనించరు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

పెద్దనాయన ఎవరినీ ఏ అంతస్తని అడగడు. మనిషిని చూసి మీట నొక్కుతాడు. తల నున్నగా దువ్వుకొని కొత్త నోటుపుస్తకం పట్టుకొని వచ్చాడంటే రెండో అంతస్తు. తల దువ్వుకోకుండా వచ్చాడంటే నాలుగు, ఎందుకంటే అప్పటికి అది వాడికి మూడో కోర్సు. ఫైలును గుండెకు అదుముకొని వస్తే ఐదు, అక్కడ ఉద్యోగాలు ఇప్పిస్తామని చెప్పేవాళ్ళుంటారు.

లిఫ్టులో ఒక చిన్న ఇత్తడి బోర్డు ఉంది. దాని మీద పన్నెండు మంది అని రాసి ఉంటుంది. పెద్దనాయన ఎనిమిది మందినే ఎక్కించుకుంటాడు. తొమ్మిదో మనిషి బోర్డు చూపించి వాదిస్తే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"కంపెనోడు గట్లనే రాస్తడు. వాడేమన్న ఈడికొచ్చి గుంజుతడా? దిగు, మల్ల ట్రిప్పుల రా."

ఎనిమిది కూడా ఆయన లెక్క ప్రకారం ఎనిమిది. ల్యాప్‌టాప్ బ్యాగుంటే మనిషి ఒకటింపావు. ఇంటర్వ్యూలో తప్పి వచ్చినవాడు ఒకటిన్నర. "బాధల ఉన్నోడు బరువుంటడు బిడ్డా, నీకు పుస్తకాల దొరకది గిది" అని నాతో చాలాసార్లు అన్నాడు. మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆ లిఫ్టు రోజుకు రెండుసార్లయినా ఆగేది. అప్పుడు ఇనుప గేటు కింది మూలను ఎడమ మడమతో తన్నాలి. కుడి మడమతో తంతే కదలదట. లోపల ఎవరైనా భయపడి గట్టిగా ఊపిరి పీలిస్తే పెద్దనాయన ఇటు తిరగకుండానే "ఇయ్యాల ఏం కూర?" అని అడిగేవాడు. ఎంత భయపడ్డవాళ్ళయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్తారు. కూరలో ఉప్పు పడేసరికి వాళ్ళ అంతస్తు వచ్చేది.

ఇలా సాగిపోతున్న రోజుల్లో, మొన్న ఎండాకాలంలో, భవనం యజమాని హనుమత్ప్రసాద్ లిఫ్టు ఎక్కి ఐదో అంతస్తు దాకా వెళ్ళి, దిగకుండా మళ్ళీ కిందికి వచ్చి, అప్పుడు విషయం చెప్పాడు. కొత్త లిఫ్టు పెట్టిస్తున్నాడు. దానంతట అదే నడుస్తుంది. పెద్దనాయనను ఉద్యోగంలోంచి తీసేయడు, జీతం తగ్గించడు, కింద పార్కింగులో కుర్చీ వేస్తాడు.

"సార్, లిఫ్టుమ్యాన్ లేకుంటే జనం పైకి పోలేరు" అన్నాడు పెద్దనాయన.

"ఓదెలూ, పంజాగుట్టల కొత్త టవర్ లేసింది గద. నలభై రెండు అంతస్తులు. మీదికి పోయి అద్దాలల్లకెల్లి ఊరంత చూస్తుండ్రు. ఆ లిఫ్టుల లిఫ్టుమ్యాన్ లేడు."

"లేకుంటే లొల్లి అయితుంటది సార్. మీకు తెల్వది."

హనుమత్ప్రసాద్‌కు పెద్దనాయన మీద గౌరవం ఉంది. కొంచెం ఆలోచించాడు. "సరే, నువ్వే పోయి చూసి రా. లిఫ్టుమ్యాన్ లేకుంటే నడవదని నీకు అనిపిస్తే నాకు చెప్పు. కొత్తదాంట్ల సుత నిన్నే కూసోబెడత. నువ్వు ఏం చెప్తే అదే."

ఆ మాటతో పెద్దనాయన స్టూలు ఉండాలా పోవాలా అన్నది ఆయన చేతికే వచ్చింది. ఆయన ఒక్క మాట చెప్తే చాలు.

ఆదివారం సాయంత్రానికి సురేందర్ అన్న టికెట్లు తీశాడు. సురేందర్ పెద్దనాయన కొడుకు, బేగంపేటలో ఒక బ్యాంకులో పని చేస్తాడు. వెళ్ళింది ఐదుగురం. పెద్దనాయన, పెద్దమ్మ బుచ్చమ్మ, అన్న, మధులత వదిన, నేను. ఐదు గంటల నుంచి ఆరు దాకా పైన ఉండవచ్చు. పెద్దనాయన దసరాకు యజమాని కుట్టించిన బూడిదరంగు సఫారీ వేసుకున్నాడు. జేబులో పెన్ను పెట్టుకున్నాడు, తప్పులు రాసుకోవడానికట.

గేటు దగ్గరే ఆలస్యమైంది. సెక్యూరిటీ అబ్బాయి పెద్దమ్మ సంచి తెరిపించాడు.

"తినేటివి లోపలికి పోనియ్యమమ్మా."

"తినేటివి కావు బిడ్డా, సర్వపిండి."

"అది తినేదే కదమ్మా!"

"నువ్వు తింటవా మరి?"

చివరికి గేటు పక్కన నిలబడి ఆరుగురం సర్వపిండి తిన్నాం. ఆరో మనిషి ఆ సెక్యూరిటీ అబ్బాయే. పల్లీలు ఇంకొంచెం వేస్తే బాగుండేదని కూడా అన్నాడు. లోపలికి వెళ్ళేసరికి ఐదూ పది.

లిఫ్టు తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పెద్దనాయనకు అది మొదటి దెబ్బ. అందరం ఎక్కాక చివర ఆయన ఎక్కి, అలవాటుగా తలుపు పక్కన నిలబడి, మీటల కోసం గోడ మీద చెయ్యి పెట్టాడు. గోడ నున్నగా ఉంది. ఇటు గోడ తడిమాడు. అదీ నున్నగానే ఉంది.

"సురేందర్, బటన్లు ఏవిరా?"

"ఉండవు బాపు. ఇది ఒక్క దగ్గరికే పోతది."

"మరి దీనికి ఎట్ల తెలుస్తది?"

ఈలోగా ఇంకొందరు ఎక్కబోయారు. పెద్దనాయన చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల తలలు లెక్కపెట్టాడు. మేం ఐదుగురం, ఇంకో ముగ్గురు. "బస్. ఎనిమిది. మీరు మల్ల ట్రిప్పుల రాండ్రి."

వదిన గోడ మీద వెలుగుతున్న అక్షరాలు చూపించింది. "మామా, ఇరవై నాలుగు మంది అని ఉంది."

"కంపెనోడు గట్లనే రాస్తడమ్మా."

బయట ఆగిపోయినవాళ్ళు ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదో నాకు అప్పుడే అర్థమైంది. ఆ టవరు సిబ్బంది అందరూ వేసుకున్నది బూడిదరంగు సఫారీలే. కింద టికెట్లు చూసే అమ్మాయి ఎవరి ఫోనులోనో తెరుచుకోని టికెట్‌తో కుస్తీ పడుతోంది. పెద్దనాయనను చూసి, పైనుంచి ఎవరో కొత్తతన్ని పంపారనుకొని, మళ్ళీ ఫోనులోకి తల దించింది.

నలభై సెకన్లలో పైకి చేరాం. నా చెవులు మూసుకుపోయాయి. తలుపు తెరుచుకోగానే పెద్దమ్మ "అమ్మో, ఎంత ఎలుగు!" అంటూ అద్దాల వైపు నడిచింది. మేం ఆమె వెనక నడిచాం. వెనక్కి తిరిగి చూసేసరికి పెద్దనాయన లిఫ్టులోనే ఉన్నాడు.

"మీరు చూసుకుంట ఉండుండ్రి. కింద పది మంది ఆగిండ్రు. ఖాళీగ ఎందుకు పంపాలె?" అన్నాడు. తలుపు మూసుకుంది.

పెద్దమ్మ ఒక చూపు చూసింది. "ముప్పై ఏండ్ల సంది మీదికి పోవుడు, మీద ఏమున్నదో చూడకుండ కిందికి దిగుడు. ఈడ సుత గదే పని. బిడ్డా, పోయి పిలుచుకరా."

నేను లిఫ్టు దగ్గర నిలబడ్డాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఎనిమిది మంది, వాళ్ళ వెనక పెద్దనాయన గొంతు. "నలభై రెండూ! నిమ్మలంగ దిగుండ్రి, పిల్లల చేతులు పట్టుకోండ్రి!" పిలుద్దామని నేను లోపలికి అడుగుపెట్టాను. కిందికి వెళ్ళేవాళ్ళు నా వెనకే ఎక్కి నన్ను గోడకు నెట్టేశారు. అంతమంది కొత్తవాళ్ళ మధ్య గట్టిగా "పెద్దనాయనా, పెద్దమ్మ పిలుస్తోంది" అనడానికి నాకు నోరు రాలేదు. కింద దిగాక చెబుదామనుకున్నాను. కింద దిగాక ఆయన ఎనిమిది మందిని లెక్కపెడుతున్నాడు, లెక్కలో నన్ను కూడా కలిపాడు. అలా పైకి వచ్చాను. మళ్ళీ నెట్టేశారు. మొత్తం నాలుగుసార్లు తిరిగాను.

రెండోసారి కిందికి వచ్చినప్పుడు తలుపు ముందు ఒక పెద్దావిడ నిలబడిపోయి ఉంది. పేరు బతూల్. ఆమె చెయ్యి పట్టుకొని కోడలు జకియా బతిమాలుతోంది.

"ఏక్ మినిట్‌చ్ హై అమ్మీ, ఆవో."

"నక్కో బేటా. తుమే జావో. మై యహీంచ్ బైఠతీ." తాను కిందే కూర్చుంటుందట.

జకియా పెద్దనాయన వైపు తిరిగింది. "మా అత్తమ్మకు లిఫ్టంటే భయమన్నా. ఇంట్లకెల్లి ఈడిదాంక ఒప్పించి తెచ్చిన. ఈడ ఆగిపోయింది."

పెద్దనాయన ముఖం చూడాలి. ఇలాంటి మనిషి కోసమే ఆయన వచ్చాడు. రెండడుగులు ముందుకు వేసి, అమీర్‌పేటలో ముప్పై ఏళ్ళు నేర్చుకున్న ఉర్దూనంతా బయటికి తీసి కూర సంగతే అడిగాడు.

"అమ్మీజాన్, ఆజ్ ఘర్ మే క్యా పకాయే?"

ఆమె తెల్లబోయింది. "దాల్చా" అంది.

"దాల్చా కైసా బనాతే? మేరేకు బోలో."

"పహలే దాల్ గలానా..." అంటూ ఆమె అడుగు లోపలికి వేసింది. తనకే తెలియలేదు. తలుపు మూసుకుంది. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, పెద్దనాయన లెక్క ఐదంతస్తులకు ఒక కూర. ఈ లిఫ్టు ముప్పై అంతస్తులు దాటేసరికి బతూల్ ఇంకా పప్పు ఉడకబెడుతోంది. నలభై రెండులో తలుపు తెరుచుకునేసరికి ఉల్లిపాయలు కూడా వేగలేదు. అయినా ఆమె దిగలేదు. "పూరా సునో మియా" అని పెద్దనాయన చెయ్యి పట్టుకొని, సొరకాయ ముక్కలు ఎప్పుడు వేయాలో, చింతపండు పులుసు ఎప్పుడు పోయాలో చెప్పి, అప్పుడు దిగింది. దిగాక అద్దాల్లోంచి చూసి "యా అల్లా!" అని కోడలి భుజం మీద కొట్టి నవ్వింది.

పెద్దనాయన నా వైపు చూసి కళ్ళెగరేశాడు. "చూసినవా బిడ్డా? బటన్లు లేకున్న నడుస్తదంట. గీ అమ్మను ఏ బటన్ ఎక్కిస్తది?" జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో ఏదో రాసుకున్నాడు. ఇంక స్టూలు ఖాయం అనుకున్నాం ఇద్దరమూ.

ఆయన ఇంకో రెండు ట్రిప్పులు వేశాడు. ఐదూ ముప్పై ఐదుకు మేం పైకి వచ్చి తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి ఉంది. బూడిదరంగు సఫారీ, చేతిలో వాకీటాకీ, మెడలో తహ్రీమ్ అని పేరున్న కార్డు. ఆ గ్యాలరీకి సూపర్‌వైజర్ ఆమే.

"అంకుల్, మిమ్మల్ని ఎవరు పెట్టిండ్రు ఈడ?"

"నన్ను ఎవ్వరు పెట్టలేదమ్మా. టికెట్ కొనుక్కొని వచ్చిన."

"టికెట్టా!" ఆమె వాకీటాకీ కిందికి దించింది. "అంకుల్, కింద లైన్ గేటు దాటి మెట్రో మెట్లదాంక పోయింది. ఇరవై నాలుగు మంది పట్టే లిఫ్టుల మీరు ఎనిమిది మందిని తెస్తుండ్రు! అరగంట సంది నాకు ఫోన్లే ఫోన్లు."

"బోర్డు మీద గట్లనే రాస్తరమ్మా. లిఫ్టు మోసేది ఎనిమిదే."

"బరువు ఎక్కువైతే అదే ఆగుతది. అదే చెప్తది."

"అదే చెప్తదా?"

"చెప్తది. తెలుగుల, హిందీల, ఇంగ్లీషుల."

పెద్దనాయన లిఫ్టులోంచి బయటికి వచ్చాడు. పక్కన నిలబడ్డాడు. లిఫ్టు కిందికి పోయింది. తిరిగి వచ్చింది. తలుపు తెరుచుకోగానే జనం బయటికి వచ్చారు, ఆయన పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. "ఇరవై మూడు, ఇరవై నాలుగు... సంకల ఒక పిల్ల." ఎవరూ భయపడలేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకతను ఫోను చూసుకుంటూ ఎక్కినట్టున్నాడు, ఫోను చూసుకుంటూనే దిగాడు. అలా మూడు ట్రిప్పులు చూశాడు పెద్దనాయన. మూడోసారి లెక్కపెట్టలేదు.

అప్పటికి పెద్దమ్మ, అన్న, వదిన కూడా వచ్చారు. వాళ్ళకు జరిగింది నేను చెప్పాను. సురేందర్ అన్న తండ్రిని పక్కకు తీసుకువెళ్ళాడు.

"బాపు, యజమానికి ఆ ముసలమ్మ సంగతి చెప్పు. గది చాలు. గది అబద్ధం కాదు గద?"

"కాదు."

"మరి ఇంకేంది ఫికర్? ఆమె ఒక్కతే ఎక్కకపోవు. నువ్వు ఎక్కించినవ్. గంతే చెప్పు. లైన్ సంగతి ఆయనకు ఎందుకు?"

పెద్దనాయన అరచేయి తెరిచి చూసుకున్నాడు. నేను కూడా తొంగి చూశాను. దాల్చా, లిఫ్టుమ్యాన్ కావాలె, అని రాసి ఉంది. ఆయన పెద్దమ్మ వైపు తిరిగాడు.

"నువ్వేమంటవే?"

"నన్నెందుకు అడుగుతవ్? నీ ఇష్టం. నువ్వు ఒక్క అబద్ధం ఆడితే నాలుగు రోజులు అన్నం సక్కగ తినవు. ఉప్పెక్కువైంది, కారం తక్కువైందంటవ్. పడేదాన్ని నేను. గది గుర్తు పెట్టుకొని ఏదన్న చెప్పు."

పెద్దనాయన ఫోను తీశాడు. చెవికి దూరంగా పెట్టుకొని గట్టిగా మాట్లాడటం ఆయన అలవాటు, యజమాని మాటలు కూడా మాకు వినిపించాయి.

"సార్, నేను ఓదెలును. టవర్ మీదికెల్లి మాట్లాడుతున్న."

"చెప్పు ఓదెలూ. ఎట్లున్నది?"

"ఒక ముసలమ్మ భయపడ్డది సార్. నేను మాట్లాడిచ్చి ఎక్కించిన. గది ఒకటి."

సురేందర్ అన్న తల ఊపుతూ ఇంక ఆపమని చేత్తో సైగ చేశాడు.

"అరగంట సేపు లైన్ రోడ్డుదాంక ఆగింది. గది నా వల్లనే. లిఫ్టు తప్పు ఏం లేదు సార్. మంచిగ నడుస్తుంది."

యజమాని ఇంకో ప్రశ్న వేశాడు. "నువ్వు లేకుంటే ఆ ముసలమ్మను ఎవరు ఎక్కించేదుండె?"

ఇది మంచి అవకాశం. యజమాని తనంతట తాను తలుపు తెరిచి పట్టుకున్నాడు. సురేందర్ అన్న రెండు చేతులూ జోడించాడు.

"ఆమె కోడలు ఎక్కించేది సార్" అన్నాడు పెద్దనాయన. "చెయ్యి పట్టుకొనే ఉండె. ఇంట్లకెల్లి ఆడిదాంక ఆమెనే తెచ్చింది. నేనే నడుమల దూరిన."

అన్న నెత్తి మీద చెయ్యి పెట్టుకొని అద్దం వైపు తిరిగాడు.

"సరే ఓదెలూ" అంది ఫోనులో గొంతు, కొంచెం మెత్తగా. "రేపు కంపెనీకి ఖాయం చేస్తున్న మరి. నువ్వు పార్కింగు చూసుకో."

"అట్లనే సార్."

ఫోను జేబులో పెట్టుకున్నాక ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి కట్టుకున్నాడు, ముందుకు తెచ్చాడు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. అటు చూడబోయి, మెడ మధ్యలో ఆపుకున్నాడు.

"ఇటు రా" అంది పెద్దమ్మ. "ఇంక పదిహేను నిమిషాలున్నది. టికెట్ వాపస్ ఇయ్యరు."

అద్దాల దగ్గర ఆమె ఆయనకు ఊరు చూపించింది. ఆ అరగంటలో మధులత వదిన దగ్గర ఆమె చాలా నేర్చుకుంది, సగం మరిచిపోయింది, మరిచిపోయినచోట సొంతంగా కలిపింది. అది హుస్సేన్ సాగర్. ఇటు ఖైరతాబాద్, వినాయకుణ్ణి పెట్టేది ఆ తెల్ల బిల్డింగు ఎనకకే. ఆ తెల్ల బిల్డింగు నిజానికి లక్డీకాపూల్‌లో ఏదో హోటలు, కానీ ఎవరం దిద్దలేదు. అదుగో మన మెట్రో, అమీర్‌పేటలో ఒకదాని మీద ఒకటి పోతుంది చూడు. పెద్దనాయన ఊఁ కొట్టాడు. చెయ్యి చూపిన దిక్కల్లా చూశాడు గానీ ఏదీ ఆయన కంటికి ఆనినట్టు లేదు. నాకు భయం వేసింది. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

కొంతసేపటికి ఆయన నుదురు అద్దానికి ఆనించి, దూరం చూడటం మానేసి, నేరుగా కిందికి చూడటం మొదలుపెట్టాడు. టవరు పక్కన ఖాళీ జాగాలో మోటారుసైకిళ్ళు పరిచిన చింతగింజల్లా కనిపిస్తున్నాయి.

"సురేందర్, అవి బండ్లేనారా?"

"అవును బాపు. పార్కింగు."

"గట్లనా పెట్టేది?" గొంతులో జీవం వచ్చింది. "చూడు, చూడు. నడుమల ఉన్నోడు బండి తియ్యాలంటే ఎట్ల తీస్తడు? ఇటు దిక్కు ఆరు తియ్యాలె, అటు దిక్కు నాలుగు తియ్యాలె. ఒక్కడన్న తిన్నగ పెట్టిండా?" వేలు అద్దం మీద పెట్టి వరసలు గీశాడు. "గీ మూలకెల్లి ఏటవాలుగ పెట్టుకుంట వస్తే ఇంకో ఇరవై బండ్లు పడ్తయి. కింద నిలబడ్డోనికి ఇది కనబడది. మీదికెల్లి చూస్తేనే తెలుస్తది."

"ఇగ మొదలైంది" అంది పెద్దమ్మ నాతో.

తహ్రీమ్ గొంతు మైకులో వినిపించింది. ఐదు గంటల టికెట్లవాళ్ళు లిఫ్టు దగ్గరికి రావాలట. వదిన వచ్చి ఆయన మోచెయ్యి తాకింది.

"టైమ్ అయింది మామా. పోదాం."

"జర ఆగమ్మా" అన్నాడు పెద్దనాయన అద్దం మీద నుంచి నుదురు తీయకుండా, ఇంకో చేత్తో జేబులో పెన్ను వెతుక్కుంటూ. "స్కూటీలు ఏడ పెట్టిపియ్యాల్నో గది ఒక్కటి తేలుతలేదు."